ముదురెరుపు పాటలో ఆరో చరణం

నూలుకు రంగులు వేసే పాటక్క గురించి జనం చెప్పుకునే మాటల్లో నాలుగు తప్పులున్నాయి. అవి తప్పులని చెప్పడానికి ఆధారాలూ ఉన్నాయి కాబట్టి ముందుగా వాటి సంగతి తేల్చడం మంచిది.

ఆవిడ పాటలు కట్టేదన్నది మొదటి తప్పు. ఒక చిన్న పత్రికవాళ్లు ఆవిడ ఫొటో వేసి, కింద ఆశుకవయిత్రి అని రాశారు. ఆ కాగితాన్ని ఆవిడ మడిచి బీరువా అరలో బట్టల కింద పరుచుకుంది తప్ప ఎవరికీ చూపించలేదు. జీవితంలో ఒక్క పంక్తి కూడా ఆవిడ సొంతంగా కట్టలేదు. ఇది మా పెద్దమ్మది, ఇది పక్క రంగుతొట్టి దగ్గర పనిచేసినావిడది, ఇదెవరిదో తెలియదు అని అడిగినవాళ్లందరికీ చెప్పేది. తెలియనిదాన్ని తెలియదని ఒప్పుకునే మనిషి, పరాయి సొమ్మును తనదని చెప్పుకోవడం జరగదు.

ఆవిడ గొంతులో ఏదో మహిమ ఉందనీ, ఆ గొంతు వినబడితేనే నూలుకు రంగు పట్టేదనీ రెండో మాట. జలుబు చేసి గొంతు పూర్తిగా పూడుకుపోయిన వారంలో ఆవిడ పక్కవాళ్ల పాటకు పెదవులు మాత్రమే కదుపుతూ పని చేసింది. ఆ వారం నూలుకూ రంగు లక్షణంగానే పట్టింది. గడియారమంటే ఆవిడకు గిట్టదన్నది మూడో మాట. షెడ్డులో గడియారం పెట్టించమని అడిగింది ఆవిడే. ఆ సందర్భం ముందుముందు వస్తుంది. నాలుగోది అన్నిటికంటే అన్యాయమైనది. వయసు మీదపడి, ముదురెరుపు పాటలో ఒక చరణం మరిచిపోయిందట. ఆవిడ మరిచిపోలేదు. మరిచిపోగలిగిన మనిషే అయితే ఇక్కడ రాయడానికి ఏమీ ఉండేది కాదు.

అది నూలుకు రంగు వేసే షెడ్డు. పొడుగాటి రేకుల కప్పు, గోడ వెంట వరసగా ఐదు రాగి తొట్లు, ఒక్కో తొట్టి కింద ఒక్కో పొయ్యి. నూలు చిలపల్ని, అంటే పోగుల చుట్టల్ని, కర్రలకు వేలాడదీసి, మరుగుతున్న రంగునీళ్లలోకి దించి, ఒక్కో కర్రనూ ఎత్తి చిలపను తిప్పి మళ్లీ దించుతూ పోవాలి. ఒక్క క్షణం ఏమరితే నూలు మీద మచ్చ తేలుతుంది. చేతులు కర్రల మీద, కళ్లు నూలు మీద ఉంటాయి. ఆవిరిలో పక్కమనిషి ముక్కే కనబడదు, ఇక గడియారం ముల్లు ఏం కనబడుతుంది? అందుకని అక్కడి ఆడవాళ్లు ఎప్పటినుంచో కాలాన్ని పాటలతో కొలిచేవారు. లేత పసుపుకు నాలుగు చరణాల పాట ఒకటి. ఆకుపచ్చకు ఇంకొకటి, రెండుసార్లు. ముదురెరుపుకు ఎనిమిది చరణాల పాట, నింపాదిగా, మూడుసార్లు. పాట ముగిసిందంటే కర్రలు పైకి లేవాలి.

పాటక్క పెళ్లికాకముందే పెద్దమ్మ వెంట ఆ షెడ్డులో అడుగుపెట్టింది. తొట్టి ముందు నిలబడి ముప్పై ఐదేళ్లు గడిచాయి. మోచేతుల దాకా ఎప్పుడూ ఏదో ఒక రంగు ఉండేది. బంధువుల ఇంట్లో భోజనానికి కూర్చుంటే, "ఈవిడకు వడ్డించకముందే కూర అంటుకుంది" అని మరదళ్లు వేళాకోళం చేసేవారు. పలుచని మనిషి, నోరు మాత్రం పెద్దది. ఎవరినైనా ఏదైనా అనగలదు, అన్నాక అరగంటలో మరిచిపోగలదు.

ఆ నోటికి ఎక్కువగా దొరికేది పొయ్యన్న. తొట్ల కింద నిప్పు చూసే మనిషిని అందరూ అలాగే పిలిచేవారు. ఆవిడకంటే పదేళ్లు పెద్ద. భార్య పోయాక షెడ్డు వెనకాల గదిలోనే ఉండేవాడు. ఒక మంచం, ఒక దండెం, ఒక కిటికీ. పని ఉన్నంతకాలం గది ఆయనది. నాలుగు రోజులు గడ్డం గీసుకోకపోతే, "ఏం అన్నా, పొయ్యిలో బూడిదంతా మొహానికే పూసుకున్నావా?" అనేది ఆవిడ. "నీ పాట వింటూ నిలబడితే ఎవడైనా బూడిద కావాల్సిందే, చెల్లెమ్మా" అనేవాడాయన. ముప్పై ఏళ్లుగా ఇద్దరూ ఒకరినొకరు ఇలా దెప్పుకుంటూనే ఉన్నారు. ఒక్కరోజు దెప్పుకోకపోతే షెడ్డులో ఎవరికో ఒంట్లో బాగాలేదని లెక్క.

ఒక పెద్ద సభామందిరానికి కావలసిన తెరల నూలు రెండేళ్ల కిందట ఈ షెడ్డులోనే ముదురెరుపు రంగు వేసుకుంది. ఆ తెరలు ఒక పక్కన వేలాడుతున్నాయి. రెండో పక్కకు కావలసిన నూలు ఇప్పుడు వచ్చింది. పాత తెర పక్కన కొత్త తెర వేలాడాలి కాబట్టి రంగులో వెంట్రుకవాసి తేడా వచ్చినా చూసినవాళ్ల కంట్లో నలుసులా పడుతుంది. పాటక్క పాడింది, కర్రలు పైకెత్తింది, చిలపల్ని ఆరేసింది. తడి నూలు ఎప్పుడూ ముదురుగానే కనబడుతుంది కనుక అప్పటికి ఎవరికీ అనుమానం రాలేదు. ఆరాక యజమాని ఒక చిలపను కిటికీ దగ్గరికి తీసుకెళ్లి, రెండేళ్లుగా దాచిన నమూనా పక్కన పెట్టి చూశాడు. కొత్తది వెలిసిపోయినట్టుంది.

షెడ్డులో అందరూ పెద్దాయన అని పిలిచే ఆ యజమాని అరిచే రకం కాదు. రంగు పొడి పాత డబ్బాలోదేనా అని చూశాడు, అదే. ఉప్పు తూకం చూశాడు, సరిగ్గానే ఉంది. నీళ్లు అవే నీళ్లు, తొట్టి అదే తొట్టి, తొట్టి దగ్గర నిలబడింది అదే మనిషి. ఇక మిగిలింది నిప్పు. పొయ్యన్నకు ఏడాదిగా దగ్గు పట్టుకుంది, మధ్యమధ్య గోడకు చేరగిలబడి కూర్చుంటున్నాడు. అయినా పెద్దాయన తొందరపడలేదు. పాటక్కను పిలిచి, నిప్పు సంగతి ఏమైనా గమనించావా అని అడిగాడు.

ఆవిడ ఎప్పటిలాగే అనేసింది. అన్న ఈమధ్య నిప్పు కంటే ఎక్కువగా నిద్రనే ఎగదోస్తున్నాడండీ అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. పొయ్యన్న కూడా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. ఆవిడ దెప్పుడును ఆయన సాక్ష్యంగా తీసుకున్నాడు. ఆ సాయంత్రమే పొయ్యన్నను పిలిచి, శనివారంతో పని చాలించమనీ, నెలాఖరుకు గది ఖాళీ చేయమనీ నిదానంగా చెప్పాడు. పొయ్యన్న తలూపి వచ్చేశాడు.

ఈ కబురు పాటక్కకు మర్నాడు పొద్దున తెలిసింది. సరదాగా అన్న మాట మనిషి మెడకు చుట్టుకుంటుందని ఆవిడ కలలో కూడా అనుకోలేదు. అలాగని తన మాట అబద్ధమనీ అనుకోలేదు. నిప్పు తగ్గడం వల్లే రంగు తేలిపోయిందని ఆవిడా నమ్మింది. నమ్మింది కాబట్టే ఒక ఉపాయం తోచింది. అన్న ఎక్కడ తప్పుతున్నాడో కనిపెట్టి, శనివారం లోపల సరిచేయించి, ఒక తొట్టి నూలుకు రంగు సరిగ్గా పట్టించి చూపిస్తే పెద్దాయన మనసు మార్చుకోకపోడు. మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నప్పుడు ఆవిడ తన డబ్బా పట్టుకుని పొయ్యి దగ్గరికి వెళ్లింది.

పొయ్యన్న మాట దాటవేశాడు. అయిపోయినదాని గురించి ఎందుకన్నాడు, నీ డబ్బాలో ఏముందన్నాడు, వానొచ్చేలా ఉందన్నాడు. ఆవిడ వదల్లేదు. ముదురెరుపుకు కట్టెలు ఎప్పుడెప్పుడు వేస్తావో చెప్పి తీరాలని ఎదురుగా బైఠాయించింది.

"మూడో చరణానికి ఒకసారి, ఆరో చరణానికి ఒకసారి," అన్నాడాయన చివరికి. "మీ పెద్దమ్మ పాడేటప్పటి నుంచీ అంతే."

"మరి ఆరో..." అని ఆవిడ ఆగిపోయింది. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

"నేను ఆరోది పాడట్లేదు కదా, అన్నా," అంది.

"లేదు."

"ఎప్పటినుంచి?"

"బావ పోయాక నువ్వు మళ్లీ పనిలోకి వచ్చిన రోజు నుంచి. అయిదోది అవగానే ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చి ఏడోది ఎత్తుకుంటావు. ఆ ఊపిరి దగ్గర వేస్తున్నా కట్టెలు."

పద్నాలుగు నెలలు. ఈ మధ్యలో ముదురెరుపు అడిగినవాళ్లవన్నీ చిన్నచిన్న బేరాలు, దేనికీ జత చూడాల్సిన పని లేదు. అందుకే ఎవరికీ తెలియలేదు. మూడుసార్లు పాడే పాటలో మూడు చరణాలు తరిగితే నూలు ఆ మేరకు ముందుగా పైకి లేస్తుంది. పొయ్యిలో తప్పేమీ లేదు.

"ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదు?"

"ఏమని చెప్పమంటావు? ఆ చరణం పాడమ్మా, నా నిప్పు లెక్క తప్పుతోంది అనా?"

"పని పోతోందిగా. అప్పుడైనా నోరు విప్పొద్దా?"

పొయ్యన్న పొయ్యిలోకి చూస్తూ చెప్పాడు. "ముసలాడు కునికాడంటే నలుగురూ ఒకరోజు నవ్వి ఊరుకుంటారు. నీ సంగతి ఎత్తితే అందరూ నీ చుట్టూ చేరి ఎందుకు పాడట్లేదు, ఎందుకు పాడట్లేదు అని పీక్కుతింటారు. దానికి నువ్వేం చెప్తావు?"

ఆ ప్రశ్నకు జవాబు ఉంది. అది ఆవిడ ఎవరికీ చెప్పుకున్నది కాదు.

ఆ పాట దారిన పోయే మనిషికీ, ఆపే మనిషికీ మధ్య సంభాషణ. అది సరసంగా మొదలవుతుంది:

ఏ దారిన పోతావు మావా?
ఎండలేని దారిన పోతా.
ఎండలేని దారేదది మావా?
నువ్వు ఎదురొచ్చే దారే పిల్లా.

ఇలా ఐదు చరణాలు నడిచాక ఆరోదానిలో అతను వెళ్లిపోతూ ఒక మాట అప్పజెబుతాడు:

గడియ వేసి కూర్చోబోకే పిల్లా,
గాలొచ్చి తలుపు తడుతుంది.
నేను కాదని తెలిసినా సరే
ఎవరని ఒక్కసారి అడుగు.

పెళ్లికి ముందు ఏళ్ల తరబడి పాడినప్పుడు పాటక్కకు ఇది అయిదుకూ ఏడుకూ మధ్య ఉండే చరణం, అంతే. అర్థం తెలుసు, మనసుకు పట్టలేదు. షెడ్డుకు నూలు చేరవేసే వ్యాను డ్రైవరుతో పెళ్లయింది. ఆయన గొంతు సంగతి చెప్పాలంటే, వ్యాను హారనే కాస్త శ్రుతిలో ఉండేది. నూలు దించేటప్పుడు విని విని ఆ పాటలో ఆయనకు పట్టుబడింది ఈ ఒక్క చరణమే. పెళ్లయిన మొదటి వారంలో ఒక సాయంత్రం ఇంటికొచ్చి తలుపు తట్టాడు. లోపలినుంచి ఆవిడ ఎవరని అడిగింది. "గాలి," అన్నాడాయన. ఆవిడకు ఒక్క క్షణం పట్టింది. తలుపు తీయకుండానే, గాలికి కాఫీ పెట్టాలా, టీ పెట్టాలా అని అడిగింది.

ఆ తరవాత ఇరవై ఆరేళ్లు ఏ సాయంత్రమూ అది తప్పలేదు. పోట్లాడుకున్న రోజుల్లో ఆవిడ ఎవరని అడిగేది కాదు. అడిగేదాకా ఆయన గడప బయటే నిలబడి, ఆ చరణాన్ని తన వంకర రాగంలో మొదటినుంచి చివరిదాకా పాడేవాడు. పక్కింటివాళ్లు కిటికీలు తెరిచి నవ్వేవారు. ఆ రాగం భరించలేక ఆవిడ ఎవరని అడిగేది. అంతటితో పోట్లాట తెగిపోయేది. కూతురు పుట్టాక ఆ పిల్ల ఎవరని అడిగే వంతు తీసుకుంది, పెళ్లి చేసుకుని వెళ్లేటప్పుడు తిరిగి తల్లికి అప్పగించింది.

కాగితం మీది కవిత్వంలో మనసు నొప్పించే చోటు వస్తే పేజీ తిప్పేయవచ్చు. పాట అలా వీలివ్వదు. ఊపిరిలో దానికి ఒక చోటు ఉంటుంది, వదిలేసినా ఆ చోటు ఖాళీగా వినబడుతూనే ఉంటుంది. భర్త పోయాక మొదటి రోజు తొట్టి దగ్గర ఆవిడ అయిదో చరణం దాకా వచ్చి, ముందుకు వెళ్లలేక, దూకేసింది. రెండో రోజూ దూకింది. తరవాత దూకడం అలవాటైంది. ఎంత అలవాటంటే, రంగు తేడా వచ్చినప్పుడు ఆవిడ వెతికిన చోట్లలో ఆ చోటు లేదు.

డబ్బా మూత పెట్టి, చేయి కడుక్కుని, పాటక్క నేరుగా పెద్దాయన గదికి వెళ్లింది. అక్కడ ఆయన అల్లుడు కూడా ఉన్నాడు. నిప్పు తగ్గలేదండీ, పాట తగ్గింది, తగ్గించింది నేను, నిన్న అన్న మీద చెప్పిన మాట తప్పు అని ఉన్నదున్నట్టు చెప్పింది. ఏ చరణమో చెప్పింది, ఎందుకో చెప్పలేదు. పాటకూ రంగుకూ ఏమిటి సంబంధమని అల్లుడుగారు నవ్వబోయాడు. పెద్దాయన చేయెత్తి ఆపాడు. ఆయన చిన్నప్పుడు ఆ తొట్ల పక్కనే ఆడుకున్నవాడు, లెక్క వెంటనే అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఒప్పుకోలేదు. రుజువు కావాలన్నాడు.

"ఒక్క చిలప వేసి చూపించు. నువ్వు పాడలేకపోతే పక్క తొట్టి ఆవిడ పాడుతుంది. లేదంటే నేనే వాచీ చూసి చెబుతాను."

ఆయన దయతోనే అన్నాడు. పాటక్క లెక్క వేసుకుంది. పెదవులు కదిపి ఊరుకుందామంటే పొయ్యి దగ్గర మనిషికి వినబడదు. ఇంకొకరి చేత పాడిస్తే నడక మారుతుంది, తేడా మళ్లీ వస్తే మళ్లీ నిప్పు మీదికే పోతుంది.

"రెండేళ్ల కిందట ఎలా జరిగిందో అలాగే జరగాలండీ," అంది. "ఆయన పొయ్యి, నా గొంతు. ఆయన మీద చెప్పింది ఈ గొంతే కదా."

ఆ మధ్యాహ్నమే తొట్టి కాచారు. పొయ్యన్న కట్టెలు పేర్చాడు. చిలప దిగింది, పాట మొదలైంది. మొదటి చరణం, రెండోది, మూడోదానికి కట్టె పడింది. అయిదోది ముగిసింది. ఆవిడ ఊపిరి పీల్చింది. షెడ్డులో మిగతా నాలుగు తొట్ల దగ్గరా చేతులు కదులుతూనే ఉన్నాయి, నోళ్లు మాత్రం ఆగాయి.

ఆరో చరణం వచ్చింది. కానీ పెద్దమ్మ నేర్పిన రాగంలో రాలేదు. పద్నాలుగు నెలలకు ముందు చివరిసారి ఆ చరణాన్ని ఆవిడ విన్నది గడప బయటినుంచి కదా, అలాగే వచ్చింది. పైకి లేవాల్సిన చోట కిందికి దిగి, దిగాల్సిన చోట ఎటో వెళ్లి, చివరి మాట దగ్గర గోతిలో పడింది. ఆవిడే తెల్లబోయింది.

పొయ్యి దగ్గర దగ్గు వినిపించింది. అది దగ్గు కాదు, నవ్వు. "చెల్లెమ్మా," అన్నాడు పొయ్యన్న కట్టె లోపలికి తోస్తూ, "అచ్చం బావ పాడినట్టే ఉంది."

ఆవిడకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడోది అందుకుంది. రెండో విడతలో ఆరో చరణం సగం ఆయన రాగంలో, సగం పెద్దమ్మ రాగంలో నడిచింది. మూడో విడతలో సరిగ్గా పాడింది. అందరూ ఆ రోజు కన్నీళ్లు పెట్టుకున్నారని తరవాత చెప్పుకున్నారు గానీ, నమ్మదగ్గ సాక్షులెవరూ ఆ మాట అనలేదు.

చిలపను ఆరేశారు. ఆరాక పెద్దాయన కిటికీ దగ్గర నమూనా పక్కన పెట్టి, తిప్పి, వెలుతురు మార్చి, మళ్లీ చూశాడు. కలిసింది. ఆయన బయటికొచ్చి, నలుగురూ వింటుండగా, పొరపాటు నాదయ్యా, నీ పొయ్యి నువ్వే చూసుకో అని పొయ్యన్నతో అన్నాడు. పొయ్యన్న తల గోక్కుని, గది ఖాళీ చేద్దామని మడిచిన పరుపు మళ్లీ పరుచుకోవాలన్నమాట అన్నాడు. వెలిసిన నూలును మరోసారి తొట్టిలోకి దించి నమూనా రంగుకు తెచ్చారు.

ఆ వారం చివర పాటక్క మళ్లీ పెద్దాయన దగ్గరికి వెళ్లి, తొట్లకు ఎదురుగా, పెట్టిన వేళకు గంట కొట్టే గడియారం ఒకటి పెట్టించమని అడిగింది. ఆయన ఆశ్చర్యపోయాడు. పాట మానేస్తావా అన్నాడు.

"మాననండీ. నాకు ఒకరోజు ఒక చరణం పాడబుద్ధి కాకపోవచ్చు. దానికి ఇంకొకరి పని పోకూడదు కదా."

గడియారం వచ్చింది. రంగులన్నీ గంటల మీద నడవసాగాయి, పొయ్యన్న కూడా గంటకే కట్టె వేయడం నేర్చుకున్నాడు, తిట్టుకుంటూ. పాటక్క ఇంకో తొమ్మిదేళ్లు ఆ తొట్టి దగ్గర పనిచేసింది. ముదురెరుపు పాటను ఏ రంగుకైనా పాడేది. కొన్ని రోజులు ఆరో చరణం వదిలేసేది, కొన్ని రోజులు అదొక్కటే పదిసార్లు పాడేది. ఏ రాగంలో అన్నది ఆ రోజును బట్టి ఉండేది.

ఇంతకీ ఆవిడ చేసిందేమిటి అంటే, ఆధారాలను బట్టి చెప్పగలిగింది ఇంతే. ఎవరో కట్టిన నాలుగు పంక్తుల్ని ఆవిడా భర్తా ఇరవై ఆరేళ్లు తమ ఇంటి మాటగా వాడుకున్నారు. ఆయన పోయాక ఆవిడ వాటిని పద్నాలుగు నెలలు ఎవరి చెవినా పడనీయలేదు. ఆ మౌనం వల్ల వచ్చిన తప్పు ఇంకొకరి మీద పడుతుంటే, తెలియక తానూ ఒక మాట వేసింది. తెలిసిన రోజున మాత్రం, పొద్దు గుంకకముందే, వెళ్లి ఒప్పుకుని ఆ నాలుగు పంక్తులూ పాడింది.